రెండో రోజు తలనొప్పి

మే నెలలో నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు వైపు చిన్న రసాల కాలం. పండును అరచేతుల మధ్య పిసికి మెత్తబరిచి, ముచ్చిక కొరికి ఉమ్మేసి, రసం జుర్రుకోవడం పిల్లలకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఒకటి రెండు రోజులు పోయాక పెదాల పక్కన, గడ్డం మీద ఎర్రటి పొక్కులు లేస్తాయి. దురద, మంట, ఒక్కోసారి రసి కారడం. ఇంట్లో అమ్మమ్మ ఉంటే అక్కడికక్కడే తీర్పు చెప్పేస్తుంది: వేడి చేసింది, పళ్ళు నీళ్ళలో నానేసి తినమంటే విన్నావా?

అదే పిల్లాణ్ణి ప్రకృతి వైద్యుడి దగ్గరకు తీసుకెళ్తే మాట మారుతుంది. ఒంట్లో పేరుకున్న మలినాన్ని శరీరం చర్మం గుండా బయటికి నెట్టేస్తోంది, మందు పూసి అణిచెయ్యకండి, రెండు రోజులు రసాహారం మీద ఉంచండి అంటారాయన. చర్మవ్యాధుల డాక్టరు మామిడి సొన అంటారు. మామిడి, జీడిమామిడి, బట్టల మీద గుర్తులు పెట్టడానికి వాడే నల్లజీడి అన్నీ ఒకే కుటుంబపు చెట్లు. మామిడి సొనలోనూ తొక్కలోనూ ఉండే రిసార్సినాల్ జాతి రసాయనాలు కొందరి చర్మానికి పడవు. ఆ అలర్జీ వెంటనే బయటపడదు, ఒకటి రెండు రోజులు పడుతుంది. ఈలోగా పిల్లాడు పది పళ్ళు తినేసి ఉంటాడు కాబట్టి నింద సొన మీదికి పోకుండా కడుపులోకి వెళ్ళిన పండు మీదికి పోతుంది.

ముగ్గురి మాటా విన్నవాళ్ళకు పొక్కులు తగ్గుతాయి. పళ్ళు నానేసి కడిగితే సొన పోతుంది. రసాహారం మీద ఉన్న పిల్లాడు నాలుగు రోజులు మామిడి తొక్క జోలికి పోడు. డాక్టరిచ్చిన పూతమందు మంటను తగ్గిస్తుంది. ఏమీ చెయ్యకపోయినా, సొన మళ్ళీ తగలకపోతే, అవి కొద్ది రోజుల్లో వాటంతటవే మాడిపోతాయి. అమ్మమ్మ చెప్పిన పని నూటికి నూరుపాళ్ళు సరైనది, చెప్పిన కారణం మాత్రం వేరు. పని సరైనదైనప్పుడు కారణం ఏదైతేనేం అని అడగవచ్చు. ఆ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేం. ఎందుకంటే ఒక కారణాన్ని నమ్మినవాళ్ళు దాన్ని ఒక్క మామిడిపండు దగ్గర ఆపరు. అదే వేసవిలో వచ్చే సెగ్గడ్డలకూ దాన్నే వర్తింపజేస్తారు. సెగ్గడ్డ చాలావరకు స్టెఫైలోకాకస్ అనే బాక్టీరియా పని. చెమట, ఉక్క, రాపిడి ఎక్కువయ్యే రోజులూ మామిడి రోజులూ ఒకటే కావడంతో రెండింటికీ ముడి పడింది. ఆరోగ్యవంతుడికి గడ్డ పగిలి మానిపోతుంది. షుగరు ఉన్న మనిషికి అది చుట్టుపక్కల కండలోకి పాకితే ప్రాణం మీదికి వస్తుంది. అప్పుడు దాన్ని మలినం బయటికి పోవడం అనుకుని వేచి చూస్తామా, లేదా అన్నది మన నమ్మకం మీద ఆధారపడుతుంది.

ప్రకృతి వైద్యుల నమ్మకం ఎక్కడిది? చాలామంది అనుకున్నట్టు అది ఋషుల నుంచి నేరుగా దిగిరాలేదు. దాని ప్రధానమైన పాయ ఒకటి జర్మనీలోని లైప్‌జిగ్ నుంచి వచ్చింది. అక్కడ లూయీ కూనే అనే, వైద్య పట్టా లేని మనిషి, 1883లో చికిత్సాలయం తెరిచాడు. జబ్బు ఒక్కటే, పేర్లు మాత్రమే వేరు అన్నాడు. విజాతీయ పదార్థం పొత్తికడుపులో చేరి, పులిసి, పైకి పాకి, చేరిన చోటును బట్టి రకరకాల జబ్బులుగా కనిపిస్తుందన్నాడు. ముఖం, మెడ చూసి అది ఎక్కడుందో చెప్పవచ్చన్నాడు. ఆవిరి స్నానం, తొట్టి స్నానం, మసాలాలు లేని శాకాహారం, ఇవీ ఆయన మందులు. అంతకు ఏడాది ముందు, 1882 మార్చిలో, బెర్లిన్‌లో రాబర్ట్ కోఖ్ క్షయకు కారణమైన బాక్టీరియాను చూపించాడు. ఒక్కో జబ్బుకు ఒక్కో కారణం అని ఒకరు, అన్ని జబ్బులకూ ఒకటే కారణం అని ఇంకొకరు, ఒకే దేశంలో ఒకే కాలంలో చెప్పుకొచ్చారు.

కూనే పుస్తకం తెలుగులోకి 1894లో వచ్చింది. డి. వెంకటచలపతి శర్మ అనువదించారు. హిందీ, ఉర్దూల్లోకి 1904లో గానీ రాలేదు. భారతదేశంలో ప్రకృతి వైద్య ఉద్యమానికి ఊపు తెచ్చింది ఆ తెలుగు అనువాదమేనని పుణెలోని జాతీయ ప్రకృతి వైద్య సంస్థ చెప్పే చరిత్రలో ఉంటుంది. మనవాళ్ళకు అది అంత త్వరగా ఎందుకు ఎక్కిందో ఊహించడం కష్టం కాదు. లంఖణం పరమౌషధం అనే మాట ఇక్కడ అప్పటికే ప్రతి ఇంట్లో ఉంది. పథ్యం లేని మందును మందుగానే లెక్కపెట్టని జనం మనం. తిండి తగ్గించు, స్నానం చెయ్యి, ఒళ్ళు తనంతట తాను బాగుపడుతుంది అంటే లైప్‌జిగ్ మాటలా వినిపించలేదు, మేనత్త మాటలా వినిపించింది. తర్వాత పంచభూతాల పరిభాష కూడా తోడైంది. మట్టి పట్టీ పృథ్వి, తొట్టి స్నానం జలం, ఉపవాసం ఆకాశం. చికిత్సలు యూరపువి, వాటికి చెప్పిన అర్థం మాత్రం మన దేశపుది.

ఈ వైద్యపు పెద్దలందరిలో ఒక పోలిక ఉంది. వాళ్ళు ముందు రోగులు, తర్వాత వైద్యులు. సైలీషియా రైతు ప్రీస్నిట్జ్ కుర్రతనంలో బండి కింద పడి పక్కటెముకలు విరగ్గొట్టుకుని, తడిగుడ్డలు చుట్టుకుని బాగయ్యానన్నాడు. క్నైప్ అనే క్రైస్తవ గురువు 1849లో క్షయతో దగ్గుతూ చలికాలపు డాన్యూబ్ నదిలో మునకలేశాడు. మధుమేహం పట్టుకున్న అమెరికా వ్యాపారి హెన్రీ లిండ్లార్ ఆ క్నైప్ దగ్గరికే వెళ్ళి, కుదుటపడి, వ్యాపారం వదిలి వైద్యం చదివి ఆసుపత్రి పెట్టాడు. మన దగ్గర ఈనాటికీ ఆశ్రమాల్లో పనిచేసేవాళ్ళను పలకరిస్తే చాలామంది కథ ఇలాగే మొదలవుతుంది: నాకు ఉబ్బసం ఉండేది, మా నాన్నకు బీపీ ఉండేది, పెద్దాసుపత్రుల్లో తగ్గలేదు, ఇక్కడ తగ్గింది. సొంత ఒంటి మీద అనుభవించింది చదువుకంటే ముందే స్థిరపడుతుంది. పాఠం ఆ అనుభవానికి మాటలు ఇస్తుంది తప్ప దాన్ని పరీక్షకు పెట్టదు.

గాంధీజీది కూడా అలాంటి దారే, కానీ ఆయన ఒక మెట్టు ముందుకు వెళ్ళారు. 1902లో బొంబాయిలో ఆయన రెండో కొడుకు, పదేళ్ళ మణిలాల్, టైఫాయిడ్‌తో పడుకున్నాడు. నిమోనియా లక్షణాలు కూడా ఉన్నాయి. పార్సీ డాక్టరు కోడిగుడ్లు, కోడి రసం ఇవ్వమన్నారు. గాంధీజీ ఒప్పుకోలేదు. కూనే చెప్పినట్టు మూడేసి నిమిషాలు తొట్టి స్నానం చేయిస్తూ, మూడు రోజులు నీళ్ళు కలిపిన నారింజ రసం మీద ఉంచారు. జ్వరం 104 డిగ్రీల నుంచి దిగలేదు. భయపడుతూనే తడిదుప్పటి చుట్టి, బయటికి వెళ్ళి నడిచి వచ్చారు. పిల్లాడికి చెమటలు పట్టి జ్వరం దిగింది, చాలా రోజుల సేవ తర్వాత లేచి తిరిగాడు. ఇదంతా ఆత్మకథలో రాసిన గాంధీజీ చివర ఒక ప్రశ్న వదిలారు. వాడు బతికింది దేవుడి దయ వల్లనా, నీటి వైద్యం వల్లనా, పథ్యం వల్ల, సేవ వల్లనా, ఎవరు చెప్పగలరు? తాను దేవుడి దయ అనే నమ్మానన్నారు, కానీ ఆ ప్రశ్న మాత్రం దాచిపెట్టలేదు.

ఆ ప్రశ్నకు ఈరోజు కొంత జవాబు ఉంది. క్లోరామ్‌ఫెనికాల్ రాకముందు, అంటే 1948కి ముందు, టైఫాయిడ్ వచ్చిన పదిమందిలో ఒకరో ఇద్దరో పోయేవారు. ఎనిమిది తొమ్మిది మంది బతికేవారు. ఏ వైద్యం చేసినవారికైనా పదింట ఎనిమిది విజయాలు చేతిలో ఉన్నట్టే. పోయిన ఒకరిద్దరికి కారణం వెతకడమూ కష్టం కాదు: ఆలస్యంగా తెచ్చారు, అంతకుముందే మందులు వాడి పాడుచేశారు. ఇలా ఏ ఫలితం వచ్చినా నమ్మకం చెక్కుచెదరదు. ఇందులో మోసం ఏమీ లేదు. ప్రకృతి వైద్యుల్లో నిజాయితీపరులు చాలామంది. లెక్క పెట్టే పద్ధతి లేని చోట నిజాయితీ ఒక్కటే సరిపోదు, అదే ఇబ్బంది.

ఇక శిక్షణ. మొదటి తరంలో అది ఆశ్రమాల్లో పెద్దల పక్కన ఉండి నేర్చుకున్నది. హైదరాబాదులో వెంకటరావు, విజయలక్ష్మి దంపతులు 1949లో ప్రకృతి చికిత్సాలయం పెట్టారు. ఆ ఆవరణలోనే 1970 దశకంలో గాంధీ ప్రకృతి వైద్య కళాశాల నడిచింది, దేశంలోనే తొలి కళాశాలల్లో అది ఒకటి. 1989లో కర్ణాటకలోని ఉజిరెలో ధర్మస్థల వారి కళాశాల వచ్చింది. ఇప్పుడు చదువు బి.ఎన్.వై.ఎస్., నాలుగున్నరేళ్ళ పాఠాలు, ఏడాది ఇంటర్న్‌షిప్. మన రాష్ట్రంలో విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. శరీర నిర్మాణం, శరీర ధర్మం, జీవరసాయనం, పాథాలజీ, సూక్ష్మజీవశాస్త్రం అన్నీ ఉన్నాయి. పక్కనే జలచికిత్స, మట్టి చికిత్స, ఉపవాస చికిత్స, యోగా, వీటన్నిటికీ పునాదిగా ప్రకృతి వైద్య తత్త్వం.

ఆ తత్త్వపు మూలసూత్రాల్లో కొన్ని ఇవి: జబ్బులన్నీ ఒకటే, వాటి కారణమూ ఒకటే, చికిత్సా ఒకటే. జబ్బుకు మూలం సూక్ష్మజీవులు కావు, మలినం పేరుకున్నాకే అవి పెరుగుతాయి. జ్వరం, విరేచనాల్లాంటి తీవ్ర వ్యాధులు శరీరం తనను తాను శుభ్రం చేసుకునే ప్రయత్నాలు, అవి మనకు మిత్రులు. వాటిని మందులతో అణిచివేయడం వల్లనే దీర్ఘరోగాలు పుడతాయి. ఇప్పుడు ఒక పంతొమ్మిదేళ్ళ విద్యార్థినిని ఊహించండి. పది గంటల క్లాసులో సూక్ష్మదర్శిని కింద ఎర్రటి రంగు పట్టిన క్షయ బాక్టీరియాను చూస్తుంది. పదకొండు గంటల క్లాసులో బాక్టీరియా అసలు కారణం కాదని రాసుకుంటుంది. పరీక్షలో రెండూ రాసి పాసవుతుంది. ఈ రెండింటిని ఎదురెదురుగా పెట్టి చర్చించే క్లాసు ఉంటే సరే. లేకపోతే ఆమె చేతికి రోగి వచ్చిన రోజున, ఏది ముందు గుర్తుకొస్తుందో అదే వైద్యమవుతుంది.

ఏది గుర్తుకొస్తుందో చెప్పే ఆధారం ఒకటి కెనడా నుంచి ఉంది. అక్కడి ప్రకృతి వైద్య కళాశాల విద్యార్థులను పిల్లల టీకాల గురించి అడిగి 2004లో ఒక సర్వే ప్రచురించారు. టీకాలన్నీ వేయించమని సలహా ఇస్తామన్నవారు నూటికి పదమూడు మందే. ఎక్కువమంది కొన్ని చాలన్నారు. నన్ను ఆలోచనలో పడేసింది ఇంకొకటి. పై తరగతులకు పోయేకొద్దీ టీకాల మీద, ప్రజారోగ్య వ్యవస్థ మీద నమ్మకం తక్కువగా కనిపించింది. అక్కడి చదువు పద్ధతి వేరు, ఇక్కడిది వేరు, దాన్ని యథాతథంగా మనవాళ్ళకు అంటగట్టకూడదు. కానీ జీవశాస్త్రం చదివిస్తే చాలు, పాత నమ్మకాలు వాటంతటవే రాలిపోతాయి అనే ధీమా మాత్రం ఇక చెల్లదు. విద్యార్థి ఏ గురువును చూసి, ఎవరిలా అవ్వాలనుకుంటున్నాడన్నది సిలబస్ కంటే బలంగా పనిచేస్తుంది.

చట్టం కూడా ఇక్కడ చేయూత ఇవ్వలేదు. 2020లో వచ్చిన జాతీయ భారతీయ వైద్య విధానాల కమిషన్ చట్టం ఆయుర్వేదం, యునానీ, సిద్ధ, సోవా రిగ్పాలకు వర్తిస్తుంది. ప్రకృతి వైద్యం అందులో లేదు. అయిదున్నరేళ్ళు చదివినవారూ, నాలుగు పుస్తకాలు చదివి బోర్డు పెట్టినవారూ రోగి కళ్ళకు ఒకేలా కనిపించడానికి ఇదొక కారణం.

ఇప్పుడు ఆశ్రమంలోకి వెళ్దాం, ఈ అధ్యాయానికి పేరిచ్చిన తలనొప్పి దగ్గరికి. పొద్దున రెండు కప్పులు, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి కాఫీ తాగే అలవాటున్న మనిషి చేరాడనుకోండి. మొదటి రోజు ఎనిమా, తేనె నిమ్మరసం, మట్టి పట్టీ. కాఫీ లేదు. రెండో రోజు మధ్యాహ్నానికి కణతలు అదిరిపోతాయి. నాలుక మీద తెల్లటి పొర, నోట్లో వాసన, చిరాకు. వైద్యుడు వచ్చి నాలుక చూసి సంతోషిస్తారు: లోపలి విషాలు కదిలాయి, ఇది బాగుపడే ముందు వచ్చే తాత్కాలిక సంక్షోభం, ఓర్చుకోండి. నాలుగో రోజుకు తలనొప్పి పోతుంది, బరువు రెండు కిలోలు తగ్గుతుంది, ఒళ్ళు తేలికపడుతుంది. రోగికి గురి కుదురుతుంది. ఈ సంక్షోభం అనే భావనకు బలమైన రూపం ఇచ్చింది పైన చెప్పిన లిండ్లారే.

శరీరధర్మ శాస్త్రం ఇదే దృశ్యాన్ని ఇంకోలా చదువుతుంది. కెఫీన్ మెదడు రక్తనాళాలను కాస్త బిగించి ఉంచుతుంది. అలవాటుపడ్డ మనిషికి అది ఆగితే నాళాలు వెడల్పవుతాయి. పన్నెండు నుంచి ఇరవైనాలుగు గంటల్లో తలనొప్పి మొదలై, ఒకటి రెండు రోజుల మధ్య పతాకస్థాయికి చేరి, సాధారణంగా వారంలోగా పోతుంది. నాలుక మీది పొర, నమలడం తగ్గి లాలాజలం తగ్గడం వల్ల చేరిన మృతకణాలు, బాక్టీరియా. నోటి వాసనలో కొంత, కొవ్వు కరిగేటప్పుడు పుట్టే అసిటోన్. మొదటి రెండు కిలోల్లో ఎక్కువ భాగం నీరే. కాలేయంలో, కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్ ఒక్కో గ్రాముతోపాటు దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది, అది ఖర్చవగానే నీరూ పోతుంది.

రెండు వివరణల్లో ఏది నిజమో తేల్చడం కష్టం కాదు, ఖర్చూ లేదు. చేరబోయే కాఫీ ప్రియుల్లో సగంమందిని వారం ముందు నుంచే కొద్దికొద్దిగా కాఫీ తగ్గించుకుని రమ్మనాలి, మిగతా సగాన్ని అలవాటు ప్రకారం రానివ్వాలి. ఎవరు ఏ సగంలోకి వెళ్ళాలో చీటీలు తీసి నిర్ణయించాలి. అందరికీ ఒకే ఉపవాసం. తలనొప్పి విషాలదైతే రెండు గుంపుల్లోనూ సమానంగా రావాలి. కాఫీదైతే ముందే మానినవాళ్ళకు తగ్గాలి. ఇలాంటి చిన్న ప్రయోగాన్ని ఇంటర్న్‌షిప్‌లో ఉన్న ప్రతి విద్యార్థి చేతా చేయించవచ్చు. సూక్ష్మజీవశాస్త్రం పాఠ్యపుస్తకం చెయ్యలేని పని అది చేస్తుంది, తన గురువు మాటను గౌరవం తగ్గకుండానే తూచి చూడటం నేర్పుతుంది.

ఆశ్రమాల్లో జరిగే మేలు మాత్రం కల్పన కాదు. ఉప్పు సంగతే చూడండి. రోజుకు ఐదు గ్రాముల లోపు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆవకాయ, మాగాయ, ఊరమిరపకాయలు తినే మన కంచంలో అది ఎంత దాటుతుందో చెప్పక్కర్లేదు. ఉప్పు, నూనె లేని వంటను పుస్తకాలతో, టీవీ ప్రసంగాలతో తెలుగు ఇళ్ళలోకి తీసుకెళ్ళిన మంతెన సత్యనారాయణరాజు ఆరోగ్యాలయం నూజివీడుకు దూరమేమీ కాదు, విజయవాడ దగ్గర కృష్ణ ఒడ్డున ఉంది. ఉప్పు తగ్గితే రక్తపోటు తగ్గుతుందన్నది గట్టిగా నిరూపణ అయిన విషయం. షుగరు సంగతీ అంతే. 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చిన బ్రిటన్ అధ్యయనంలో, టైప్ 2 మధుమేహం వచ్చి ఆరేళ్ళు దాటనివారికి మూడు నుంచి ఐదు నెలలు రోజుకు దాదాపు 850 కేలరీల ఆహారం ఇచ్చారు. ఏడాది తర్వాత వాళ్ళలో 46 శాతం మందికి మందులు లేకుండానే షుగరు మధుమేహ స్థాయి కంటే కిందే ఉంది. మామూలు వైద్యం పొందినవాళ్ళలో అది 4 శాతం. మాత్రలు మొదటి రోజే ఆపేశారు కూడా. అంటే మాత్ర ఆపడం దానంతటది మూఢనమ్మకం కాదు. అయితే ఆ అధ్యయనంలోకి ఇన్సులిన్ వాడేవారిని అసలు తీసుకోలేదు.

ఆ గీత ఎందుకు గీశారో తెలియాలంటే ఇంకా వెనక్కి వెళ్ళాలి. ఇన్సులిన్ రాకముందు అమెరికాలో ఫ్రెడరిక్ అలెన్ అనే డాక్టరు మధుమేహానికి ఉపవాసమే చికిత్స అన్నాడు. ఆయన పట్టా ఉన్న వైద్యుడు, చేతిలో వేరే దారి లేనివాడు. ఎలిజబెత్ హ్యూస్ అనే అమ్మాయికి 1919లో, పదకొండేళ్ళప్పుడు, టైప్ 1 మధుమేహం తేలింది. అలెన్ పెట్టిన కడుపుమాడ్చే పథ్యం ఆమెను మూడేళ్ళు బతికించింది, 1922 నాటికి ఇరవై కిలోల ఎముకల గూడుగా మార్చింది. ఆ ఏడాది ఆగస్టులో టొరంటోలో ఇన్సులిన్ అందింది. ఆమె 1981 వరకు బతికింది. ఒకే పేరున్న రెండు జబ్బుల్లో ఒకదానికి తిండి తగ్గించడం మంచి మందు, రెండోదానికి ఇన్సులిన్ ఆపడం మరణం. జబ్బులన్నీ ఒకటే అనే సూత్రాన్ని నేను ఒప్పుకోలేనిది ఇక్కడే. ఆ సూత్రం అబద్ధమే కాదు, దాన్ని అక్షరాలా నమ్మినవారి చేతిలో పిల్లలు చనిపోతారు.

ఈ వైద్యాన్ని మూసెయ్యాలని నేననను. రోగితో గంట కూర్చుని, ఏం తింటున్నావు, ఎన్నింటికి పడుకుంటున్నావు అని అడిగేవారు మన ఆరోగ్య వ్యవస్థలో ఇంకెవరున్నారు? ఆ గంట వదులుకోకూడదు. మార్చవలసింది మూలసూత్రాల పాఠం. వాటిని నమ్మవలసిన సత్యాలుగా కాకుండా, పంతొమ్మిదో శతాబ్దంలో కొందరు వేసిన ఊహలుగా, ఏది నిలిచింది, ఏది నిలవలేదు అన్న లెక్కతో సహా చెప్పాలి. ఉపవాసం మొదలుపెట్టకముందే కేసు షీటులో కొన్ని గీతలు రాసి ఉండాలి: జ్వరం ఎన్ని డిగ్రీలు, ఎన్ని రోజులు దాటితే రక్తపరీక్షకు పంపాలి, బరువు ఎంత తగ్గితే ఆపాలి, రోగి వాడే మాత్రలేవి, వాటి మోతాదు ఎవరు తగ్గించారు. ముందే రాసుకున్న గీతను, తర్వాత ఫలితం చూసి జరపడం కష్టం.

గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకునే మనిషినే తీసుకోండి. అది క్లోమం చేత ఇన్సులిన్‌ను బలవంతంగా విడుదల చేయిస్తుంది, తిన్నాడా లేదా చూడదు. మోతాదు తగ్గించకుండా నిమ్మరసం ఉపవాసంలో పెడితే రెండో రోజు చెమటలు, వణుకు, తలనొప్పి, తడబడే మాట వస్తాయి. పుస్తకంలో చెప్పిన సంక్షోభం అచ్చం ఇలాగే ఉంటుంది. వేలి చివర ఒక్క రక్తపు చుక్క, గ్లూకోమీటరు మీద అంకె 70 కంటే తక్కువ. వెంటనే గ్లూకోజు నీళ్ళు, పావుగంటకు మళ్ళీ పరీక్ష, అంకె కుదురుకున్నాక కాస్త అన్నం. ఆ రోగికి ఆ పూట ఉపవాసం ఆగిపోతుంది, మాత్ర రాసిన డాక్టరుకి ఫోను వెళ్తుంది, ఆ మాత్ర ప్రభావం మర్నాటికి కూడా ఒంట్లో ఉంటుంది కాబట్టి రాత్రంతా మూడు గంటలకోసారి ఎవరో ఒకరు లేచి ఆ వేలు మళ్ళీ గుచ్చి చూస్తారు.